వాడరేవు సముద్రదర్శనము

సముద్రమునకు రత్నాకరమని పేరు. రత్నములకు గని యని దాని యర్థము. లక్ష్మీదేవియు, అమృతమును, కల్పవృక్షమును పాలకడలినుండియే పుట్టినవని చిన్ననాడు మా నాయనగారి యొద్ద భాగవతము చదువుకొనునప్పుడు వింటిమి. సగరపుత్రులు త్రవ్వుటచే సాగరమైనదనియు, అగస్త్యుడు దానిని పుడిసిలించెననియు, హనుమంతుడు దాటుచుండగా మైనాకుడు నీటినుండి తల యెత్తి యాతిథ్య మీయబోయెననియు చదివితిమి. ఇన్ని చదివియు, ఆ నీటి క్రింద నిజముగా నేమున్నదని యొక్కనాడైనను ప్రశ్నించుకొన్నవారము కాము. బాపట్లకు సముద్రము మూడు క్రోసుల దూరమే యైనను, పర్వదినమున పోయి మూడు మునకలు వేసి, కొంగు పిండుకొని యింటికి వచ్చుటయే మే మెఱిగిన సముద్రము.

మొన్నటి కార్తికమున వాడరేవునకు పోయి, మొదటిసారిగా సముద్రపు నీటిలో కన్నులు తెఱచి చూచితిమి. ఏమి చూచితిమో, ఏమి చూడలేకపోతిమో, దానివలన మా యింట నొక తగవెట్లు తీరెనో సోదరీమణులతో ముచ్చటింప గోరి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా ఆడపడుచు విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో సముద్రజీవశాస్త్రము చదువుచున్నది. మేము కాపురమునకు వచ్చునాటికి ఐదేండ్ల పిల్ల. మామగారు గతించిన పిదప ఆమెకు జడ వేయుటయు, పాఠము లప్పగించుకొనుటయు మా పనియే యయ్యెను. వదిన యనుటయే గాని బిడ్డవలె చూచుకొంటిమి. అట్టి పిల్ల వేసవి సెలవులకు వచ్చి, తాను ఋషికొండ యొద్ద వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రపుటడుగునకు దిగుట నేర్చుకొంటిననియు, మాఘమాసమున అండమాను దీవులకు పోయి నెలదినము లుండి పగడపు దిబ్బలను పరిశీలింప దలచితిననియు చెప్పెను.

మా అత్తగారు చేతిలోని చేట క్రింద పెట్టి, "పెండ్లి కావలసిన పిల్లవు. నేలమీద చదువులు లేవా తల్లీ, నీళ్లలో మునిగి చదువవలెనా?" అనిరి. మేమును అత్తగారి పక్షమే వహించితిమి. మా వారు మాత్రము నోరు మెదపక లేచి వసారాలోనికి పోయి కూర్చుండిరి. ఆ మౌనమునకు కారణము మా యింట నందఱకును తెలియును.

ఎనిమిదేండ్ల క్రిందట ఆయన తరగతిలో చదువుచుండిన పదునైదేండ్ల బాలు డొకడు, సెలవునాడు తోడిపిల్లలతో సముద్రస్నానమునకు పోయి తిరిగి రాలేదు. నడుములోతున ఆడుకొనుచుండగా నీరు లాగికొని పోయినదట. రెండు దినములు మా వారు ఆ ఒడ్డుననే నిలిచి యుండిరి. మూడవనాటి వేకువను జాలరులు తెచ్చి తల్లి చేతుల కిచ్చిరి. భాగవతమున సాందీపని కుమారుడు ప్రభాసతీర్థమున మునిగిపోగా, శ్రీకృష్ణుడు సముద్రమున ప్రవేశించి, యమపురి వఱకు పోయి, ఆ బాలుని తెచ్చి గురుదక్షిణగా సమర్పించిన కథ మా వారికి మిక్కిలి ప్రీతి. తరగతిలో పిల్లలకు తఱచు చెప్పుచుండెడివారు. ఆనాటినుండి ఆ కథ చెప్పుట మానిరి. సముద్రము వైపు పోవుటయు మానిరి.

వేసవి గడచెను, వానలు గడచెను. ఆడపడుచు మఱల పండుగకు వచ్చి, మేము వంటయింట నొంటరిగా నుండగా చేరి, "వదినా, నీవొక్కసారి నాతో వచ్చి నీటిలో తల వంచి చూడుము. చూచిన పిదపకూడ వలదన్నచో, నేను మఱల అండమాను మాట యెత్తను" అనెను. చదువు చెప్పి పెంచిన పిల్ల న్యాయముగా నడిగినప్పుడు కాదనుట యెట్లు? కార్తికస్నానమను నెపముతో నొక ఆదివారము బయలుదేరితిమి. మే మడుగకయే మా వారును చొక్కా తొడిగికొని వచ్చి వాకిట నిలిచిరి. అత్తగారు దీపముల సంచి పట్టుకొనిరి.

బాపట్లలో వేకువ రైలెక్కి చీరాలలో దిగితిమి. అచ్చటినుండి వాడరేవు ఏడు కిలోమీటర్లకు మించదు. ఆటోలో పోవుచుండగా మగ్గముల చప్పుడు వెనుకబడి, జీడిమామిడి చెట్లు, సరుగుడు తోపులు, తాటిచెట్లు ఎదురు వచ్చినవి. నేల యెఱుపు నలుపు విడిచి తెల్లని యిసుక యైనది. కొందఱు వాడరేవనియు, కొందఱు ఓడరేవనియు పలుకుదురు. రెండును ఒకటియే. పూర్వము వాడ యనిన ఓడయే. వాడబలిజ లను పేరులోనిదియు ఆ మాటయే. ఇప్పుడిచ్చట పెద్ద యోడలు నిలుచుట లేదు. జాలరుల పడవలే ఒడ్డున బారులు తీరి యున్నవి. దీపస్తంభము మాత్రము రాత్రులందు దూరమున పోవు ఓడలకు ఇది నేల యని చెప్పుచు నిలిచి యున్నది.

ఒడ్డున నొక ప్రక్క జాలరి స్త్రీలు చేపల నెండబెట్టుచుండిరి. ఒక ప్రక్క పురుషులు వల చిక్కులు తీయుచుండిరి. మేము స్నానముచేసి, అరటిదొప్పలలో దీపములు వదలితిమి. అల వచ్చి రెండింటిని మఱల మా పాదములయొద్దకే తెచ్చెను. అత్తగారు వానిని తిరిగి వెలిగించి, "ఈ సముద్రుడు తీసికొనునది తీసికొనును, ఇచ్చునది ఇచ్చును. మన చేతిలో లేదు" అనిరి.

తరువాత జనసమ్మర్దము లేనిచోటికి పోతిమి. ఆడపడుచు వెంటనే నీటిలో దిగలేదు. ఇసుకమీద కూర్చుండి పావుగంటసేపు అలలనే చూచెను. పిమ్మట వ్రేలు చూపి, "అన్నయ్యా, అటు చూడుము. ఈ వైపున అల తెల్లగా విరుగుచున్నది. ఆ వైపునను విరుగుచున్నది. నడుమ నొక సందున మాత్రము అల విరుగక, నీరు నున్నగా, బురదరంగున నున్నది. ఒడ్డునకు వచ్చిన నీరంతయు వెనుకకు పోవు దారి యదియే. తెలియని పిల్లలు అల లేదు గదా యని అచ్చటికే పోవుదురు" అని చెప్పి, ఒక పుల్ల తీసికొని యిసుకమీద గీసి చూపెను. ఆ నీరు మనుష్యుని క్రిందికి లాగదట, లోపలికి మాత్రము కొనిపోవునట. దానికెదురుగా ఒడ్డునకు ఈదినవాడు అలసి మునుగునట. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈదినచో కొన్ని బారలలోనే ఆ దారి దాటవచ్చునట. ఈత సరిగా రానివాడు పెనుగులాడక వెల్లకిల తేలుచు, చేయి యెత్తి కేక వేయవలెనట. ఒడ్డుననున్నవారు వెంటనే దూకక, త్రాడో, గాలి నిండిన ట్యూబో, మూత బిగించిన ఖాళీ డబ్బాయో విసరవలెనట.

మా వారు ఆ యిసుకలోని గీతలను చాలసేపు చూచిరి. "ఇరువదియేండ్లనుండి పిల్లలకు మహాసముద్రముల పేర్లు వల్లెవేయించుచున్నాను. ఈ గీత యొక్కనాడును గీయలేదు" అనిరి. ఆ మాటకు మేమెవ్వరమును బదులు చెప్పలేకపోతిమి.

ఆడపడుచు సంచినుండి ముఖమునకు తగిలించుకొను అద్దమును, నోట బట్టుకొను వంకర గొట్టమును తీసెను. ముక్కు అద్దములోనే మూసికొనిపోవును, కాన నోటితోనే గాలి పీల్చవలెను. గొట్టపు కొన నీటిపైన నుండును. తల క్రిందికి వంచి తేలుచు ఎంతసేపైనను చూచుచుండవచ్చును. సిలిండరు అక్కరలేదు. మే మామె చేయి గట్టిగా పట్టుకొని, నడుములోతు నీటిలో నిలిచి, దేవుని దలచుకొని తల వంచితిమి. మొదట గుండె చప్పుడే చెవుల నిండినది. ఊపిరి గొట్టములో బుసకొట్టినది. పిమ్మట ధైర్యము తెచ్చుకొని కన్నులు తెఱచితిమి.

ఏమి చూచితిమని యడుగుదురా? పసుపురంగు మజ్జిగవంటి నీరు. మా చేయి మాకు మోచేతి వఱకే కనబడెను. గాజులు కనబడలేదు. తల యెత్తి, "ఇదియేనా నీ రత్నాకరము?" అని యడుగగా ఆ పిల్ల పకపక నవ్వి, "ఇదియే వదినా. ఇందుకే నీకు దీనిని చూపవలెనని తెచ్చితిని" అనెను. ఒడ్డున కూర్చుండి ఆమె చెప్పిన సంగతులు మేము గ్రహించినంతవఱకు వ్రాయుచున్నాము.

మన మంగళసూత్రములలో నల్లపూసల నడుమ గ్రుచ్చుకొను పగడము రాయి కాదు. ప్రాణి కట్టిన గూడు. సంస్కృతమున ప్రవాళమనియు, విద్రుమమనియు దీనికి పేర్లు. కవులు సుందరుల పెదవులకు దీనినే పోల్చిరి. నగలకు వచ్చు ఎఱ్ఱపగడము ముఖ్యముగా మధ్యధరా సముద్రములో, వెలుతురు తక్కువగానుండు తావులలో పెరుగును. పగడపు దిబ్బలను కట్టునవి వేఱొక జాతులు. వానిలో ఒక్కొక్క ప్రాణి గింజంత యుండును. నోటిచుట్టు మెత్తని పోగులుండును. తన చుట్టు సున్నపు గూడు కట్టుకొని దానిలో నివసించును. ఒకదాని ప్రక్క నొకటి, ఒకదానిపై నొకటి, వేలయేండ్లు కట్టగా దిబ్బ యగును. గుండ్రని బండలవలె పెరుగు జాతులు ఏటికి ఒక్క సెంటీమీటరు పెరిగిన గొప్ప. ఆ ప్రాణుల దేహములో కంటికి కనబడనంత సన్నని నాచు కాపురముండును. ఆ నాచు సూర్యకాంతితో వంటచేసి తన యజమానికి పెట్టును. పగడపు జీవి దానికి ఇల్లిచ్చి కాపాడును. ఇల్లును అన్నమును ఇచ్చిపుచ్చుకొను ఆ కాపురము వినగా మాకు మిక్కిలి ముచ్చట వేసినది.

సూర్యకాంతితో వంట యన్నప్పుడు నీరు తేటగా నుండవలెను గదా. అందుచేతనే మన వాడరేవున పగడపు దిబ్బలు లేవు. కృష్ణానది పడమటి కనుమలనుండి తెచ్చు ఒండ్రు ఈ సముద్రమున కలియును. ఆ ఒండ్రు వెలుతురు నడ్డగించును. మెత్తగా దిగి పగడపు జీవుల నోళ్లను కప్పివేయును. నదులు తెచ్చు మంచినీరును వానికి సరిపడదు. "తెనాలి, రేపల్లె, బాపట్ల మాగాణులు ఆ ఒండ్రుతోనే గదా వదినా యేర్పడినవి. మనము తినుచున్న అన్నమును, ఈ నీటి పసుపును ఒక్క చేతి పనియే" అనెను ఆ పిల్ల. అంతవఱకు ఆ నీటిని చూచి యేవగించుకొన్న మేము, కృష్ణవేణమ్మకు మనసులోనే నమస్కరించితిమి.

భారతదేశమున పగడపు దిబ్బలు ముఖ్యముగా నాలుగుచోట్ల గలవు. అవి గుజరాతులోని కచ్ సింధుశాఖ, తమిళదేశపు మన్నారు సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులు. 2001లో సున్నపు పగడముల నన్నింటిని వన్యప్రాణి సంరక్షణ చట్టమున పులికిని ఏనుగునకును సమానమైన మొదటి పట్టికలో చేర్చిరి. ఒక్క ముక్క విఱిచి తెచ్చినను నేరమే. అంత కాపాడుచున్నను వానికి కష్టము తప్పుట లేదు. సముద్రపు నీరు కొంచెము వేడెక్కి, ఆ వేడి కొన్నివారములు నిలిచెనా, లోపలి నాచు వెడలిపోవును. పగడము పాలిపోయి తెల్లనగును. నాచు తిరిగి రానిచో ఆకలితో చచ్చును. 2010 వేసవిలో అండమానులో అట్టి ఆపద సంభవించినది. "ఉన్నవి ఏవో, పోయినవి ఏవో, తిరిగి కోలుకొన్నవి ఏవో ఎవరైనను దిగి చూచి లెక్క వ్రాయవలెను గదా. ఒడ్డున కూర్చుండి వ్రాయుటకు వీలులేదు" అని ఆమె తన కోరికకు కారణము చెప్పెను. అంతవఱకు మేమది వేడుకకొఱకు పోవు ప్రయాణమనియే తలచియుంటిమి.

అత్తగారు మెల్లగా, "అచ్చట ఊపిరాడక పోయినచో?" అని యడిగిరి. ఆడపడుచు తల్లి ప్రక్కకు జరిగి చెప్పెను. సిలిండరులో నుండునది మనము పీల్చు గాలియే, నొక్కి నింపినది. లోతునకు పోవుకొలది నీటి బరువు హెచ్చును. పది మీటర్లు దిగునప్పటికి పైనున్న వాయుమండలమంత బరువు మఱియొకటి దేహముపై పడును. ముందుగా చెవులు నొచ్చును. ముక్కు పట్టుకొని మెల్లగా గాలి యూదినచో నొప్పి తీరును, తీరనిచో పైకి రావలెను. ఊపిరి యెన్నడును బిగబట్టరాదు. బిగబట్టి పైకి వచ్చినచో లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులకు హాని చేయును. ఎక్కునప్పుడు తొందర పడరాదు. ఒంటరిగా దిగరాదు. జంటలో నొకరి గాలి తరిగినచో రెండవవారు తమ గాలిని పంచియిత్తురు. ఫ్రాన్సు దేశీయులు కూస్తో, గాన్యాఁ యనువారు 1943లో ఈ సాధనమును ఏర్పరచిన తరువాత సామాన్యులకును సముద్రపుటడుగు చేరువయైనది.

"దిగగానే మొదట పోవునది ఎఱుపు రంగమ్మా. నీరు ఎఱుపును ముందుగా త్రాగివేయును. నా యెఱ్ఱ గాజులు పది పండ్రెండు మీటర్లలో నల్లబడినవి. పైకి వచ్చునప్పటికి మఱల ఎఱ్ఱనైనవి" అని ఆమె చెప్పగా, అత్తగారు అప్రయత్నముగా కూతురి ముంజేతిని పట్టి గాజులను తడవి చూచిరి.

దక్షిణ కొరియాలోని జెజు దీవిలో హేన్యో లనబడు స్త్రీలు ఏ సిలిండరును లేక, ఒక్క ఊపిరితో పది మీటర్ల వఱకు దిగి, నత్తగుల్లలను సముద్రపు నాచును కోసికొని వచ్చి సంసారములు నడపుచున్నారు. వారిలో పెక్కుమంది అరువది దాటినవారే. 2016లో యునెస్కో సంస్థ వారి విద్యను మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. ఈ మాట విని అత్తగారు, "అరువది దాటినచో దిగవచ్చునన్నమాట. నీకింకను చాల గడువున్నది" అని నవ్విరి. బయలుదేరిన పిదప ఆమె నవ్వుట అదియే మొదలు.

మా మాటలు వినుచు చేపలు తిరుగవేయుచున్న ఒక ముసలి అవ్వ దగ్గరకు వచ్చెను. "అడుగున ఓడలుంటాయి తల్లీ. మా మావ చెప్పేవోడు. కొన్ని చోట్ల వలేస్తే చినిగిపోద్ది. అక్కడ కిందేదో ఉన్నట్టే. వల పోయినా చేపంతా అక్కడే ఉంటది. గేలమేసి పట్టుకోవాల" అనెను. ఆడపడుచు ఆమె చేతులు పట్టుకొని, తన గ్రంథములలో నున్నదియు అదియే యనెను. మన తీరమున సముద్రపుటడుగు బురదయు, ఇసుకయు. చేపకు తల దాచుకొన చోటులేదు. మునిగిన ఓడ యొకటి యున్నచో దాని చెక్కకును ఇనుమునకును ఆల్చిప్పలు, నాచులు అంటుకొనును. చిన్నచేపలు చేరును. వానికొఱకు పెద్దచేపలు వచ్చును. మనుష్యుల పాలిటి మృత్యువు మత్స్యముల పాలిటి పల్లె యగును.

విశాఖపట్టణపు సముద్రమున 1971 డిసెంబరు 3వ తేది రాత్రి తెల్లవాఱులోపల మునిగిన పాకిస్థాను జలాంతర్గామి ఘాజీ నేటికిని అడుగుననే యున్నది. 90 మందికి పైగా నావికులు దానిలో నశించిరి. పగవారి ఓడయే యైనను అది వారి సమాధి యని మన నౌకాదళమువారు దానిని గౌరవముతో చూచుచున్నారు. ఈ సంగతి విని అవ్వయు, అత్తగారును ఒక్కసారిగా, "వాళ్ల తల్లులో!" అనిరి. ఒకరు ఎండుచేపల బుట్టతోను, ఒకరు దీపముల సంచితోను నున్నను ఆ మాట ఒక్క కంఠమున వచ్చినట్లే యుండెను.

అంతవఱకు వినుచున్న మా వారు లేచి, "ఇంత దూరము వచ్చితిమి. మోటుపల్లి చూచి పోవుదము" అనిరి. మోటుపల్లి వాడరేవునకు దక్షిణపు దిక్కున చినగంజాము మండలములో నున్నది. దారిలో వేటపాలెమున 1918లో స్థాపించిన సారస్వత నికేతన గ్రంథాలయము కలదు. మా వారు పెండ్లికి పూర్వము సెలవుదినములలో అచ్చట కూర్చుండి శాసనముల పుస్తకములు చదివెడివారట.

మోటుపల్లి నేడు చిన్న పల్లె. కాకతీయుల కాలమున తూర్పుతీరములో పేరెన్నికగన్న రేవు. పదుమూడవ శతాబ్ది చివర మార్కోపోలో ఈ సీమను ముత్ఫిలి యని పేర్కొని, ఇచ్చటి రాణి ధర్మపాలనమును, సాలెపట్టువంటి సన్నని వస్త్రములను కొనియాడెను. ఆ రాణి మన రుద్రమదేవియే. వీరభద్రస్వామి ఆలయములో నొక రాతి కంబము గలదు. రుద్రమదేవి తండ్రి గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయశాసనము దానిపై నున్నది. రాతిమీది అక్షరములను వ్రేలితో తడవుచు మా వారు దాని తాత్పర్యము చెప్పిరి.

పూర్వపు రాజులు, తుపానులో పగిలి తమ యొడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలవంతముగా తీసికొనెడివారట. ప్రాణమున కన్న ధనమే మిన్నయని యెంచి సముద్రయానమను సాహసమునకు పూనుకొన్న వర్తకులపై దయదలచి, గణపతిదేవుడు నియమితమైన సుంకము తప్ప వేఱేమియు తీసికొననని మాట యిచ్చెను. ఆ సుంకమునకు కూపశుల్కమని పేరు. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు. చందనము, కర్పూరము, ముత్యములు మొదలగు సరకుల జాబితాలో పగడములును ఉన్నవి. వాడరేవు నీటిలో మొలవని పగడము ఓడలలో నీ తీరమునకు వచ్చి, మన ముత్తవ్వల మెడలలో చేరియుండునని తలచి, మేము మా సూత్రములోని పగడమును చేతితో తాకి చూచుకొంటిమి.

ఆ కంబము నీడను కూర్చుండి మా వారు చెల్లెలితో, "ఎనిమిదేండ్లనుండి నేనును ఆ పాతరాజుల వలెనే యున్నాను తల్లీ. సముద్రమొక బిడ్డను తీసికొన్నది. ఆ భయమును సుంకముగా నీయొద్దను, నా విద్యార్థుల యొద్దను పూర్తిగా వసూలు చేయుచున్నాను" అనిరి. పిమ్మట మా వైపు చూచిరి. మే మత్తగారి వైపు చూచితిమి.

సముద్రమున భయము లేదని మే మనుట లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదియు ఈ సముద్రమే. 2004 డిసెంబరు 26న మీదికి వచ్చినదియు ఇదియే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల యొద్దనే తీరము దాటెను. గణపతిదేవుడును తుపాను రాదని అభయ మీయలేదు. అది యాతని చేతిలో లేదు. ఒడ్డు చేరినవారికి ఒడ్డుననున్నవారు కీడు చేయరని మాత్రమే యిచ్చెను. మన చేతిలో నున్నదియు అంతమాత్రమే. పోయెదనన్న బిడ్డకు ఒడ్డున మన మున్నామన్న ధైర్యము నిచ్చుటయా, లేక పోకముందే ఆమె ఓడను మనమే పగులగొట్టుటయా? తెలియని పిల్లవాడు నడుములోతున పోయెను. ఈ పిల్ల తెలిసికొని, నేర్చుకొని, జంటతో దిగుచున్నది. రెండింటిని మే మొక్క త్రాసున తూచుట న్యాయము కాదని అప్పుడు తోచినది.

"అత్తయ్యా, పంపుదము" అంటిమి. ఆమె కొంతసేపు పలుకలేదు. చివరకు కొంగుతో కన్నులు తుడుచుకొని, "ఆ రాజు ఊరకే విడిచెనా? సుంకము పుచ్చుకొనెను గదా. నాకును సుంకమున్నది. ప్రతిదినము నీటినుండి బయటికి రాగానే, తల తుడుచుకొనక ముందే, నాకు ఫోను చేయవలెను" అనిరి. ఆడపడుచు ఆ రాతికంబము ఎదుటనే తల్లి పాదములకు మ్రొక్కెను.

మాఘమున ఆమె అండమానునకు పోయెను. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిన పోర్టుబ్లెయిరులో తెలుగువారు పెక్కుమంది గలరు. వారిలో నొకరి యింట బస దొరకినది. కూపశుల్కము ఒక్కనాడును తప్పలేదు. ఆమె పంపిన ఛాయాచిత్రములలో జింకకొమ్ములవలె శాఖలు సాగినవి, విసనకఱ్ఱలవలె పఱచుకొన్నవి, మెదడువలె మడతలుపడిన బండలు కలవు. వాని సందులలో పసుపు చారల చేపలు గుంపులు గుంపులుగా నున్నవి. ఒక పటములో మాత్రము అంతయు సున్నము గొట్టినట్లు తెల్లనై, జీవము లేక యున్నది. దాని క్రింద, "ఇది పోయినది వదినా. దీని మూలను వ్రేలంత క్రొత్త పగడమొకటి మొలచుచున్నది. జాగ్రత్తగా చూడుము" అని వ్రాసెను. అత్తగారు కండ్లద్దములు పెట్టుకొని వెదకి, మాకన్న ముందే దానిని కనుగొనిరి.

సోదరీమణులారా! వాడరేవునకు పోయినప్పుడు రెండు పనులు మఱవకుడు. పిల్లలను నీటికి విడుచుటకు ముందు పావుగంటసేపు ఒడ్డున కూర్చుండి, అల విరుగని సందు ఎచ్చటనున్నదో చూడుడు. అచ్చటి జాలరి స్త్రీల నడుగుడు, వారికి తెలియును. మీ ఊరిలో ఈత నేర్పు తావున్నచో కొమారులతోపాటు కొమార్తెలనుకూడ పంపుడు.

ఇప్పుడు మా వారు ప్రతియేట విహారయాత్రల దినములకు ముందు, ఒక పాఠకాలము భూగోళమును ప్రక్కన పెట్టి, నల్లబల్లపై మూడు గీతలు గీయుచున్నారు. రెండు వైపుల విరుగు అలలు, నడుమ నున్నని దారి. ఆ దినమున పాఠము ముగించి, మిగిలిన కాలములో సాందీపని కుమారుని కథ పిల్లలకు మఱల చెప్పుచున్నారు.